ఒకే నీళ్లకి రెండు అంకెలు

మా అన్నయ్య కూతురు అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ప్లేనోలో, హైస్కూలు పిల్లలకి కెమిస్ట్రీ చెబుతుంది. కిందటేడాది ఒక రాత్రి ఫోన్ చేసి, "బాబాయ్, పొద్దున క్లాసు పిల్లలు చెరువు నీళ్ల పీహెచ్ 7.77 అని రాశారు. మధ్యాహ్నం క్లాసు వాళ్లు అదే సీసాలో నీళ్లకి, అదే ప్రోబ్‌తో 8.00 అని రాశారు. ఎవరిది ఒప్పనమంటావు?" అని అడిగింది. మధ్యాహ్నానికి నీళ్లలో ఏదైనా మార్పు వచ్చిందేమో అనుకున్నాను ముందు. తర్వాత రెండు నోటు పుస్తకాల పేజీలూ ఫొటో తీసి పంపింది. రెండింట్లోనూ ఒక అంకె మాత్రం అచ్చం ఒకేలా ఉంది: 1.55 వోల్టులు.

అంటే ప్రోబ్ పొద్దునా, మధ్యాహ్నమూ ఒకే మాట చెప్పింది. ఆ మాటకి అర్థం తీసుకోవడంలోనే తేడా వచ్చింది. ప్రోబ్ చెప్పే వోల్టులకి సరైన అర్థం కుదర్చడమే క్యాలిబ్రేషన్. మన పుస్తకాల్లో దీన్ని క్రమాంకనం అంటారు. పేరు బరువుగా ఉన్నా పని చిన్నది. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ ఎందుకు వెచ్చించాలో తెలియకపోవడం వల్లే చాలామంది దాన్ని దాటేస్తారు.

ముందు ఆ పరికరం గురించి చెప్పాలి. డల్లాస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ గ్రాఫులు గీసే క్యాలిక్యులేటర్లకి పేరు పొందింది. 1994లో ఆ కంపెనీ సీబీఎల్ అనే చిన్న పెట్టెని తెచ్చింది. 'క్యాలిక్యులేటర్ ఆధారంగా నడిచే ప్రయోగశాల' అని దాని పేరుకి అర్థం. ఒక పక్క సెన్సర్లు, ఇంకో పక్క క్యాలిక్యులేటర్ తగిలిస్తే, పిల్లల చేతిలోనే కొలతలు నమోదై గ్రాఫు గీసుకుంటుంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది కాబట్టి వాగు ఒడ్డుకీ, ఆటస్థలానికీ పట్టుకుపోవచ్చు. దాని తర్వాత సీబీఎల్ 2 వచ్చింది. దానికి తగిలించే సెన్సర్లలో చాలావాటిని ఆరిగన్ రాష్ట్రంలోని వెర్నియర్ కంపెనీ చేసింది. ఆ కంపెనీని 1981లో మొదలుపెట్టిన డేవిడ్ వెర్నియర్ స్వయంగా ఫిజిక్స్ టీచరు. అలాంటి పాత పెట్టెలు అమెరికా బడుల బీరువాల్లో ఇప్పటికీ ఉన్నాయి. మావాళ్లమ్మాయి వాడుతున్నదీ అలాంటి సీబీఎల్ 2నే, టీఐ-84 ప్లస్ క్యాలిక్యులేటర్‌తో.

ఈ పెట్టెకి పీహెచ్ అంటే తెలియదు. ఉష్ణోగ్రత, బలం, ఆక్సిజన్ కూడా తెలియవు. దానికి తెలిసింది సున్నా నుంచి ఐదు లోపు వోల్టులు, అంతే. పీహెచ్ ప్రోబ్ చివరనున్న గాజు బుడగ, ద్రవంలోని ఆమ్లత్వాన్ని బట్టి అతి చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ ఒక్క మెట్టు మారితే సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు. పీహెచ్ 7 దగ్గర ఆ వోల్టేజీ దాదాపు సున్నా. ఆమ్లం వైపు ఒక గుర్తు, క్షారం వైపు ఇంకో గుర్తు. ఇంత చిన్న సంకేతాన్ని పెట్టె అలాగే చదవలేదు. అందుకని సెన్సర్‌లోని చిన్న ఆంప్లిఫయర్ దాన్ని నాలుగు రెట్లకి పైగా పెంచి, సున్నాని తీసుకెళ్లి 1.75 వోల్టుల దగ్గర కూర్చోబెడుతుంది. అంటే కొత్త ప్రోబ్ పీహెచ్ 7 ద్రవంలో 1.75 వోల్టులు చూపాలి, అక్కణ్ణుంచి పీహెచ్ ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ పావు వోల్టుకి కాస్త ఎక్కువగా దిగుతూ పోవాలి.

వోల్టుల నుంచి పీహెచ్‌కి రావాలంటే రెండు అంకెలు కావాలి. వోల్టు మారితే పీహెచ్ ఎంత మారుతుందో చెప్పేది ఒకటి, దీన్ని వాలు అంటారు. గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పేది ఇంకొకటి, అంతరఖండం. ఇంగ్లీషు మీడియం పిల్లలు స్లోప్, ఇంటర్‌సెప్ట్ అంటారు. ఈ సెన్సర్ విషయంలో కంపెనీ ముందే పెట్టి ఇచ్చిన అంకెలు దాదాపు మైనస్ 3.84, 13.72. వోల్టులని 3.84తో హెచ్చించి 13.72లోంచి తీసేస్తే పీహెచ్ వస్తుంది. 1.55 వోల్టులకి లెక్క వేసి చూడండి: 7.77. పొద్దున క్లాసు పిల్లల అంకె అదే.

సెన్సర్‌ని తగిలించగానే పెట్టె దాన్ని గుర్తుపట్టి ఈ అంకెలని తనే తెచ్చుకుంటుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఒక్కో రకం సెన్సర్‌లో ఒక్కో విలువున్న రెసిస్టర్ పెట్టి ఉంటుంది. పెట్టె దాన్ని కొలిచి "ఇది పీహెచ్ సెన్సర్" అని తెలుసుకుంటుంది. గుర్తుపట్టింది కదా, ఇంక ఫరవాలేదు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. అది గుర్తుపట్టింది సెన్సర్ రకాన్ని మాత్రమే. మీ చేతిలో ఉన్న ఈ ప్రోబ్ వయసెంత, ఎన్నాళ్లు ఎండిపోయి పడి ఉంది, దాని గాజు ఎంత అలిసింది, ఇవేవీ దానికి తెలియవు. కంపెనీ అంకెలు కొత్త ప్రోబులకి సగటున సరిపోయేవి. మీ ప్రోబ్‌కి సరిపోయే అంకెలు మీరే తెచ్చుకోవాలి.

తప్పు రెండు రకాలుగా ఉంటుందన్నది ఇక్కడ ముఖ్యం. మన సంతల్లో పాత త్రాసు పట్టుకున్న పెద్దవాళ్లు తూకానికి ముందు ఖాళీ తట్టలు ఎత్తి పాసంగం చూసేవారు. ఒక తట్ట కిందికి వాలితే రెండో దానికి చిన్న రాయో, చింతగింజో కట్టి సమం చేసేవారు. అది మొదటి రకం తప్పు: ఎంత తూచినా ఒకే మేర తేడా. రెండో రకం తప్పు గుండ్లలో ఉంటుంది. కిలో గుండు అరిగిపోయి 980 గ్రాములైతే, కిలోకి 20 గ్రాములు, ఐదు కిలోలకి 100 గ్రాములు, తూచిన కొద్దీ తేడా పెరుగుతుంది. పాసంగం చూస్తే మొదటి తప్పు బయటపడుతుంది గానీ రెండోది పడదు. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న గుండుతో సరిచూడాలి. అందుకే సెన్సర్‌కి కూడా ఒక్క చోట సరిచూస్తే చాలదు. పీహెచ్ 7 దగ్గర సరిగ్గా చూపే ప్రోబ్, పీహెచ్ 10 దగ్గర అరమెట్టు తప్పు చెప్పొచ్చు. రెండు తెలిసిన బిందువులుంటేనే ఒక సరళరేఖ నిలుస్తుంది.

ఈ రెండు బిందువుల ఆలోచన కొత్తది కాదు. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో థర్మామీటరుకి గీతలు పెట్టింది ఇలాగే: మంచు కరిగే చోటు ఒకటి, నీళ్లు మరిగే చోటు ఒకటి, మధ్యలో వంద భాగాలు. ఆయన మరిగే చోటుకి 0, మంచుకి 100 అని పెట్టాడు. ఆయన పోయాక అది తలకిందులై ఇప్పటి రూపానికి వచ్చింది. ఏ చోటుకి ఏ అంకె పెట్టాలన్నది మనుషులు కుదుర్చుకునేది; ఆ చోటు మాత్రం ప్రపంచంలో ఎవరు చూసినా ఒకేలా దొరకాలి.

పీహెచ్‌కి అలాంటి చోట్లు బఫర్ ద్రావణాలు. కొంచెం ఆమ్లమో క్షారమో కలిసినా పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రవాలివి. 4, 7, 10 విలువలవి సీసాల్లో దొరుకుతాయి. చెయ్యాల్సింది ఇదీ: క్యాలిక్యులేటర్‌లోని డేటామేట్ ప్రోగ్రాంలో సెటప్‌కి వెళ్లి, సెన్సర్ ఉన్న ఛానెల్ ఎంచుకుని, క్యాలిబ్రేట్ నొక్కాలి. ప్రోబ్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తని టిష్యూ కాగితంతో అద్ది, 7 బఫర్‌లో ముంచాలి. తెర మీద వోల్టులు కదులుతుంటాయి. అవి నిలబడేదాకా ఆగాలి. నిలబడ్డాక ఎంటర్ నొక్కి, 7 అని టైపు చెయ్యాలి. మళ్లీ కడిగి, రెండో బఫర్‌లో ముంచి, ఆగి, దాని విలువ ఇవ్వాలి. క్యాలిక్యులేటర్ కొత్త వాలు, కొత్త అంతరఖండం చూపిస్తుంది.

మధ్యాహ్నం క్లాసు పిల్లలు చేసింది ఇదే. వాళ్ల నోటు పుస్తకంలో 7 బఫర్‌కి 1.80 వోల్టులు, 10 బఫర్‌కి 1.05 వోల్టులు అని ఉంది. మూడు పీహెచ్‌ల దూరానికి 0.75 వోల్టుల తేడా. వాలు మైనస్ 4.00. అంతరఖండం 14.20. ఇప్పుడు 1.55ని 4తో హెచ్చించి 14.20లోంచి తీసెయ్యండి: 8.00. ప్రోబ్ పాతబడి 7 దగ్గర 1.75కి బదులు 1.80 చూపుతోంది, వాలు కూడా కొంచెం మారింది. కంపెనీ అంకెలకి ఈ రెండు సంగతులూ తెలియవు. తేడా 0.23 మెట్లే కదా అనిపించవచ్చు. కానీ పీహెచ్‌లో ఒక్కో మెట్టూ పది రెట్లు. ఆ లెక్కన 0.23 అంటే నీళ్లలోని హైడ్రోజన్ అయాన్ల సంఖ్యలో దాదాపు 1.7 రెట్ల తేడా.

పద్ధతి తెలిసినవాళ్లు కూడా పొరపాటు చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది తొందర. అంకె ఇంకా కదులుతుండగానే ఎంటర్ నొక్కేస్తారు. అప్పుడు పెట్టెకి నేర్పింది తప్పుడు పాఠం. ఆ రోజు తీసిన ప్రతి కొలతా ఆ తప్పుని మోస్తుంది. క్యాలిబ్రేషన్ చెయ్యకపోవడం కన్నా ఇది హానికరం, ఎందుకంటే చేశామన్న నమ్మకం ఉంటుంది. ఒకసారి వాడిన బఫర్‌ని మళ్లీ సీసాలో పొయ్యడం ఇంకో తప్పు. 10 బఫర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా కిందికి జారుతుంది. మూత తీసి ఉంచిన 10 బఫర్ సాయంత్రానికి 10 కాదు. ఇక ప్రోబ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచేవాళ్లున్నారు, శుభ్రంగా ఉంటుందని. ప్రోబ్ లోపలున్న లవణాలు ఆ నీళ్లలోకి కారిపోయి ప్రోబ్ చస్తుంది. పొటాషియం క్లోరైడ్ కలిపిన నిలవ ద్రావణంలోనే ఉంచాలి.

బఫర్లు ఎంచుకోవడంలోనూ ఒక నియమం ఉంది: కొలవబోయేది రెండు బిందువుల మధ్య పడాలి. కాస్త పుల్లటివాటికి 4, 7. చెరువు నీళ్లకి 7, 10. రెండు గట్ల మధ్య వేసిన వంతెన మీద ధైర్యంగా నడవొచ్చు. గట్టు దాటి గాలిలోకి చాచిన పలక మీద అలా నడవలేం.

క్యాలిబ్రేషన్ చెయ్యలేని పని కూడా ఒకటుంది. పాడైన ప్రోబ్‌ని అది బాగుచెయ్యదు. ఏ రెండు వోల్టులిచ్చినా క్యాలిక్యులేటర్ ఒక గీత గీసి ఇస్తుంది, ప్రోబ్ బాగుందా లేదా అని అడగదు. అడగాల్సింది మనం. మూడు పీహెచ్‌ల దూరానికి 0.75 వోల్టుల తేడా వస్తే ప్రోబ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. అది 0.60కి పడిపోతే ఎంత సరిచేసినా ఆ ప్రోబ్‌ని నమ్మలేం, మార్చాల్సిందే. వాలుని డాక్టరు నాడి చూసినట్టు ప్రతిసారీ చూడమంటాను నేను.

అన్ని సెన్సర్లకీ ఇంత పని ఉండదు. స్టీలు గొట్టంలా ఉండే ఉష్ణోగ్రత ప్రోబ్‌లో థర్మిస్టర్ ఉంటుంది; వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం సరళరేఖలో కాకుండా వంపు తిరిగి తగ్గుతుంది. ఆ వంపుకి సరిపోయే సమీకరణం ముందే ఉంది. దాన్ని తీసేసి రెండు బిందువుల గీత పెడితే మంచిదాన్ని చెడగొట్టినట్టవుతుంది. దంచిన మంచు, నీళ్లు కలిపి అందులో పెట్టి సున్నా చూపుతోందో లేదో చూసుకుంటే చాలు. మరిగే నీళ్లతో సరిచూసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 98 చూపిందని థర్మామీటరుని తప్పుపట్టకూడదు.

దూరం కొలిచే సెన్సర్‌కి బిందువులే అక్కర్లేదు. అది మనకి వినబడని ధ్వనిని పంపి, తిరిగొచ్చే సమయం లెక్కిస్తుంది. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర దాదాపు 355. మే నెల మధ్యాహ్నం 343 వేగమే అనుకుని లెక్కిస్తే, మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ పది సెంటీమీటర్లు దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది. అక్కడ క్యాలిబ్రేషన్ అంటే గాలి ఉష్ణోగ్రత చెప్పడమే. బలం కొలిచే సెన్సర్‌కి కిలో బరువు వేలాడదీసి 9.8 న్యూటన్లు అని చెబుతారు. వాడేటప్పుడు ఎటు తిప్పి పెడతామో అటే తిప్పి సున్నా చెయ్యాలి, లేకపోతే కొక్కెం బరువు కూడా లెక్కలో పడుతుంది.

నాకు అన్నిటికన్నా పట్టింపున్నది నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే ప్రోబ్. మాది భీమవరం వైపు. అక్కడ రొయ్యల రైతులకి ఈ అంకె మీదే పంట నిలబడుతుంది. రాత్రంతా నీళ్లలోని నాచు, జీవులు ఆక్సిజన్ వాడేస్తాయి, తయారుచేసే ఎండ ఉండదు. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువ. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి జారితే రొయ్య ఇబ్బంది పడుతుంది, ఏరియేటర్లు తిప్పాలి. వాళ్ల చేతుల్లోని మీటరుకీ, ప్లేనో బడిలోని ప్రోబ్‌కీ లోపలి పని ఒకే వంశానిది. 1956లో అమెరికా శాస్త్రవేత్త లీలండ్ క్లార్క్ ప్రకటించిన ఎలక్ట్రోడ్ అది. పల్చటి పొర గుండా వచ్చిన ఆక్సిజన్‌ని లోహపు కొన వాడేసుకుంటుంది. ఎంత వాడితే అంత కరెంటు.

ఈ ఒక్క వాక్యంలోంచే మూడు జాగ్రత్తలు పుడతాయి. తగిలించిన వెంటనే కొలవకూడదు. లోపలి ద్రవంలో ముందే ఉన్న ఆక్సిజన్ ఖర్చయ్యేదాకా పది నిమిషాలు ఆగాలి. నీళ్లలో ప్రోబ్‌ని కదుపుతూ ఉండాలి. కదపకపోతే కొన పక్కనున్న ఆక్సిజన్‌ని అదే తినేసి, అంకె దానంతటదే పడిపోతుంది. పొర కింద గాలి బుడగ ఉండకూడదు.

దీనికీ రెండు బిందువులే. పై బిందువు ఉచితంగా దొరుకుతుంది. మూతపెట్టిన సీసాలో కొద్దిగా నీళ్లుంచి, వాటికి తగలకుండా పైన ప్రోబ్‌ని ఉంచితే, తడి గాలిలో అది పూర్తి సంతృప్తతని చూపుతుంది. సముద్రమట్టం దగ్గర మంచినీళ్లలో ఆ విలువ 25 డిగ్రీలకి 8.26 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకి 7.56. కింది బిందువు సున్నా. సోడియం సల్ఫైట్ ద్రావణం ఆక్సిజన్‌ని పూర్తిగా తినేస్తుంది కాబట్టి అందులో ముంచుతారు. చాలామంది పై బిందువుతో సరిపెట్టి, సున్నాని వదిలేస్తారు. రొయ్యల చెరువు దగ్గర నేను దీన్ని ఒప్పుకోను. రైతు నిద్రలేచి చూసే అంకె 8 దగ్గర కాదు, 3 దగ్గర. అది సున్నాకే దగ్గర. సున్నా దగ్గర అర మిల్లీగ్రాము తప్పు ఉన్న మీటరు, గాలిలో బ్రహ్మాండంగా కనిపించి తెల్లవారుజామున మోసం చేస్తుంది. పైగా చెరువు నీళ్లలో ఉప్పు ఉంటుంది, ఉప్పు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ఎంత ఉప్పుందో మీటరుకి చెప్పకపోతే ఉన్నదాని కన్నా ఎక్కువ చూపుతుంది.

ఇంత శ్రమపడి తెచ్చుకున్న అంకెలు పోయే దారి కూడా ఒకటుంది. అవి క్యాలిక్యులేటర్ మెమరీలో ఉంటాయి. అమెరికా బడుల్లో పరీక్షలకి ముందు టీచర్లు ఆ మెమరీని చెరిపించడం మామూలే. దాంతో క్యాలిబ్రేషన్ చెరిగిపోతుంది, మర్నాడు సెన్సర్ తగిలించగానే కంపెనీ అంకెలు మౌనంగా వచ్చి కూర్చుంటాయి. తెర మీద ఏ హెచ్చరికా ఉండదు. అందుకని వాలు, అంతరఖండం కాగితం మీద రాసుకోవాలి. క్యాలిబ్రేట్ మెనూలో చేత్తో ఎక్కించుకునే వీలుంది, మళ్లీ బఫర్లు ఖర్చు చెయ్యనక్కర్లేదు. అయితే పీహెచ్, ఆక్సిజన్ ప్రోబులు రోజురోజుకీ మారతాయి, నిన్నటి అంకెల్ని ఇవాళ వాడేముందు ఒక బఫర్‌లో ముంచి చూసుకోవాలి.

మా అన్నయ్య కూతురికి నేను చెప్పిందీ అదే. ఎవరి అంకె ఒప్పో నేను చెప్పే కన్నా ప్రోబే చెబుతుంది, తాజా 7 బఫర్‌లో ముంచి రెండు పద్ధతుల్లోనూ చూడమన్నాను. కంపెనీ అంకెలతో 6.81 చూపింది. పిల్లల అంకెలతో 7.00. అయితే ఆ రెండో అంకె ఒక్కటే సాక్ష్యం కాదు, తను నేర్చుకున్న పాఠాన్నే ప్రోబ్ అప్పజెప్పి ఉండొచ్చు. కాబట్టి క్యాలిబ్రేషన్‌లో వాడని 4 బఫర్‌లో కూడా ముంచమన్నాను. 4.1 చూపింది. గట్టు దాటి అంత దూరం వెళ్లినా ఒక్క పదోవంతే తప్పింది, నమ్మదగిన ప్రోబే.

మిగిలింది 8.00లో ఆ చివరి సున్నా. సీబీఎల్ 2 ఐదు వోల్టులని 1024 మెట్లుగా విడగొట్టి చదువుతుంది. ఒక్క మెట్టు దాదాపు 5 మిల్లీవోల్టులు, పీహెచ్‌లో చెప్పాలంటే 0.02. బఫర్ సీసాకీ కొంత పొరపాటు ఉంటుంది, ప్రోబ్‌కీ ఉంటుంది. తెర మీద కనిపించింది కదా అని రెండో దశాంశాన్ని రాయడానికి ఆ పరికరం దగ్గర ఆధారం లేదు. ప్లేనోలోని ఆ చెరువు నీళ్ల పీహెచ్ 8.0.